ఫోన్‌లో ఒక రంగు, ప్రింట్‌లో ఒక రంగు: కలర్ స్పేస్ లెక్క ఇదీ

2020 జూన్ మొదట్లో ఒక ఫోటో ఎంతోమంది ఫోన్లను పనికిరాకుండా చేసింది. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, గ్లేసియర్ నేషనల్ పార్క్‌లో ఉన్న సెయింట్ మేరీ సరస్సు ఫోటో అది. నీళ్లు, కొండలు, మబ్బులు తప్ప అందులో ఇంకేమీ లేవు. కానీ దాన్ని వాల్‌పేపర్‌గా పెట్టుకోగానే ఆండ్రాయిడ్ 10తో నడిచే కొన్ని ఫోన్ల తెర వెలుగుతూ, ఆరుతూ ఉండిపోయింది. లాక్ తీసేంత వ్యవధి కూడా దొరకలేదు. ఫోన్‌లో ఉన్నదంతా పోగొట్టుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేసుకున్నవాళ్లు చాలామంది.

ఆ ఫోటోలో వైరస్ ఏమీ లేదు. దాన్ని ఎడిట్ చేసి సేవ్ చేసేటప్పుడు ప్రోఫోటో ఆర్‌జీబీ అనే కలర్ స్పేస్ ఎంచుకున్నారు, అంతే. వాల్‌పేపర్ ఎంత వెలుగుగా ఉందో లెక్కగట్టే ప్రోగ్రామ్ ఆ రకం ఫైల్‌ను ఊహించలేదు. 0 నుంచి 255 వరకు 256 గళ్లున్న పట్టిక దాని దగ్గర ఉంది. ఒక పిక్సెల్ (ఫోటోలోని అతి చిన్న చుక్క) దగ్గర లెక్క 256కు చేరింది. పట్టికలో అలాంటి గడి లేదు కాబట్టి ప్రోగ్రామ్ కూలిపోయింది. మళ్లీ మొదలయ్యేసరికి ఎదురుగా మళ్లీ అదే వాల్‌పేపర్.

ఇలాంటివి అరుదు. కానీ దీని వెనకున్న చిక్కు మాత్రం రోజూ ఎదురయ్యేదే. ఆన్‌లైన్‌లో చూసి కొన్న చీర ఇంటికొచ్చాక వేరే రంగులో కనిపిస్తుంది. పెళ్లి ఫోటోలు ఎడిటర్ కంప్యూటర్‌లో నిండుగా ఉంటాయి, ఫోన్‌కు వచ్చేసరికి వెలిసిపోతాయి. తెర మీద మెరిసిన నీలం ఫ్లెక్సీ మీద వంగపండు రంగుకు తిరుగుతుంది.

క్లుప్తంగా: ఫైల్‌లో ఉండేవి రంగులు కావు, సంఖ్యలు. అవి ఏ కొలమానంలో ఉన్నాయో చెప్పేది కలర్ స్పేస్. ఒక తెర, ప్రింటర్ లేదా ఫైల్ ఎంతమేర రంగులను చూపగలదో ఆ పరిధి పేరు గామట్. కొలమానం సమాచారం పోయినప్పుడు, లేదా రంగు పరిధికి బయట పడినప్పుడు తేడా వస్తుంది. ఈ రెండూ వేర్వేరు సమస్యలు, మందులూ వేరు.

5 అంటే ఎంత?

ఆంధ్రప్రదేశ్‌లో స్థలాన్ని సెంట్లలో చెబుతారు, తెలంగాణలో గుంటల్లో. ఎకరానికి 100 సెంట్లు, లేదా 40 గుంటలు. “నాకు 5 ఉంది” అని ఊరుకుంటే విన్నవాడు తన ఊరి లెక్కలో అర్థం చేసుకుంటాడు. 5 గుంటలంటే పన్నెండున్నర సెంట్లు. సంఖ్య మారలేదు, భూమి రెండున్నర రెట్లు మారింది.

డిజిటల్ ఫోటోలో ప్రతి పిక్సెల్ దగ్గరా ఇలాంటి సంఖ్యలు మూడుంటాయి: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. 0, 255, 0 అంటే మిగతా రెండూ లేని నిండు ఆకుపచ్చ. అయితే ఏ ఆకుపచ్చ? కాస్త పసుపు కలిసిన లేత ఆకు రంగా, పచ్చరాయి రంగా? ఆ మూడు సంఖ్యలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేవు. వాటి వెనక ఉన్న కలర్ స్పేస్ చెబుతుంది. మూల రంగులుగా ఏ ఎరుపు, ఏ ఆకుపచ్చ, ఏ నీలం తీసుకున్నారో, తెలుపు అంటే ఏ తెలుపో, సంఖ్య పెరిగేకొద్దీ వెలుగు ఏ తీరున పెరగాలో అది నిర్ణయిస్తుంది. ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. 255లో సగం 128. కానీ ఇంటర్నెట్‌లో ఎక్కువగా వాడే ఎస్‌ఆర్‌జీబీలో 128 ఇచ్చే వెలుగు, పూర్తి వెలుగులో దాదాపు 22 శాతమే. కంటికి నీడల్లోని తేడాలు బాగా తెలుస్తాయి కాబట్టి సంఖ్యలను అటువైపు ఎక్కువ కేటాయించారు.

17 మంది కళ్లు

సెంట్లకైనా గుంటలకైనా వెనక గజం లెక్క ఉన్నట్టు, కలర్ స్పేస్‌లన్నిటి వెనకా ఒక ఉమ్మడి కొలత ఉండాలి. అది 1931లో వచ్చింది. సీఐఈ అని పిలిచే అంతర్జాతీయ వెలుగు ప్రమాణాల సంస్థ దాన్ని ఆమోదించింది. అందుకు ఆధారమైన ప్రయోగాలు 1920ల్లో ఇంగ్లండ్‌లో జరిగాయి. డేవిడ్ రైట్ 10 మందితో, జాన్ గిల్డ్ 7 మందితో విడివిడిగా చేశారు.

పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. ఒక చిన్న కిటికీని రెండు సగాలు చేస్తారు. ఒక సగంలో ఏదో ఒక స్వచ్ఛమైన వెలుగు, అంటే ఇంద్రధనుస్సులో ఒకే చోట నుంచి తీసిన వెలుగు. రెండో సగంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు. చూసే మనిషి ఈ మూడింటినీ పెంచుతూ, తగ్గిస్తూ రెండు సగాలూ ఒకేలా కనిపించేదాకా తిప్పాలి. కంటిలో రంగును పట్టే కోన్ కణాలు మూడు రకాలు కాబట్టి మూడు దీపాలతో పని జరగాలి.

కొన్ని రంగుల దగ్గర జరగలేదు. ముఖ్యంగా నీలానికీ ఆకుపచ్చకూ మధ్య ఉండే రంగుల దగ్గర. ఆకుపచ్చ, నీలం దీపాలు కలిపితే వచ్చే రంగు ఎప్పుడూ కాస్త పాలిపోయి ఉంటుంది. ఎదుటి సగంలోని స్వచ్ఛతను అందుకోదు. చివరికి ఎరుపు దీపాన్ని ఇటునుంచి తీసి అటువైపు, పరీక్షించే వెలుగులో కలిపితేనే రెండూ సరిపోయాయి. అటు కలపడమంటే లెక్క ప్రకారం ఇటు తీసేయడం. అంటే ఆ రంగు తయారీకి కావలసిన ఎరుపు సున్నా కంటే తక్కువ, మైనస్. మైనస్ వెలుగిచ్చే దీపం ప్రపంచంలో లేదు.

గామట్ అనే ఇబ్బంది అంతా ఇక్కడే పుట్టింది. నిజమైన మూడు దీపాలు ఏవి తీసుకున్నా కంటికి కనిపించే రంగులన్నీ రావు. ఇది టీవీ కంపెనీల చేతగానితనం కాదు. కంటి కణాలు ఒకదాని పరిధిలోకి ఒకటి చొరబడి ఉండటం వల్ల వచ్చిన హద్దు. లెక్కల్లో మైనస్ రాకుండా ఉండేందుకు సీఐఈ ఎక్స్, వై, జెడ్ అనే మూడు ఊహా మూలరంగులను నిర్వచించింది. వాటిని ఏ దీపమూ వెలిగించలేదు, కానీ కొలవడానికి పనికొస్తాయి.

గుర్రపు నాడాలో త్రికోణం

రంగుల వ్యాసాల్లో తరచూ కనిపించే గుర్రపు నాడా ఆకారపు బొమ్మ ఈ కొలతల నుంచి వచ్చిందే. వంపు అంచు మీద ఇంద్రధనుస్సు రంగులుంటాయి, లోపల మిగతావన్నీ. రెండు వెలుగులు కలిపితే వచ్చే రంగు ఆ రెండు చుక్కల మధ్య గీత మీదే పడుతుంది. మూడు కలిపితే త్రికోణం లోపల పడుతుంది. అంచు వంపుగా ఉంది కాబట్టి లోపల గీసిన ఏ త్రికోణమూ ఆ నాడాను నింపలేదు. ఒక తెర గామట్ అంటే దాని మూడు దీపాలు హద్దురాళ్లుగా గీసిన ఆ త్రికోణమే. నిజానికి వెలుగు స్థాయిని కూడా చేర్చితే అది త్రికోణం కాదు, ఘనాకారం. ముదురు నీలం తెరకు సులువు, అంతే గాఢంగా ఉంటూ బాగా వెలుగుగా ఉండే నీలం వేరే సంగతి. బొమ్మలో చూపడానికి వీలుగా వెలుగు అనే కొలతను తీసేస్తారు.

ఎస్‌ఆర్‌జీబీ ఎందుకు అంత చిన్నది?

1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్‌ఆర్‌జీబీని ప్రతిపాదించాయి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. దాని మూల రంగులు కొత్తగా కనిపెట్టినవి కావు. హెచ్‌డీ టీవీ కోసం 1990లో వచ్చిన బీటీ.709 ప్రమాణంలోవే. అవి ఆనాటి లావుపాటి గాజు పిక్చర్ ట్యూబ్ తెరలు చూపగలిగిన రంగులకు దగ్గరగా ఉంటాయి. అప్పటి కంప్యూటర్లు రంగులను మార్చి చూపే లెక్కలు చేసేంత వేగం లేనివి. అందరి తెరలూ దాదాపు ఒకేలా ఉన్నప్పుడు, ఆ తెరనే ప్రమాణం చేసేస్తే లెక్కే అక్కర్లేదు. ఆలోచన మంచిదే. పిక్చర్ ట్యూబులు పోయాయి, వాటి హద్దులు మాత్రం ఇంటర్నెట్‌లో నిలిచిపోయాయి. 1931 నాటి బొమ్మలో ఎస్‌ఆర్‌జీబీ త్రికోణం ఆక్రమించేది దాదాపు మూడో వంతు.

అడోబ్ ఆర్‌జీబీ కథ ఇంకా విచిత్రం. 1998లో ఫోటోషాప్ 5.0 కోసం ఒక టీవీ ప్రమాణం నుంచి విలువలు తీసుకున్నారు. ప్రమాణం చెప్పిన అసలు విలువలకు బదులు, అనుబంధంలో ఉన్న ఆదర్శ విలువలు వచ్చి చేరాయి. ఎరుపు విలువ ఎక్కించడంలో మరో తప్పు దొర్లింది. సరిదిద్దుదామనుకునేసరికి వాడకందార్లకు అది నచ్చేసింది. పరిధి పెద్దది, ముద్రణకు కావలసిన నీలాకుపచ్చ రంగులు అందులో బాగా ఇముడుతున్నాయి. దాంతో పేరు మార్చి అలాగే ఉంచేశారు.

విస్తీర్ణం ఒకటే, ఊళ్లు వేరు

ఇప్పటి ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రకటనల్లో ఎక్కువగా వినిపించే పేరు పీ3. ఇది డిజిటల్ థియేటర్ ప్రొజెక్టర్ల కోసం వచ్చిన పరిధి. యాపిల్ 2015లో ఐమ్యాక్‌లో, 2016లో ఐఫోన్ 7లో దీన్ని తెచ్చింది. ఆండ్రాయిడ్ 2017లో, 8వ వెర్షన్‌తో ఇలాంటి పెద్ద పరిధులకు ఏర్పాటు చేసింది.

పీ3 ఎస్‌ఆర్‌జీబీ కంటే ఎంత పెద్దది? 1931 బొమ్మ మీద కొలిస్తే 36 శాతం. 1976లో సీఐఈ సవరించిన బొమ్మ మీద కొలిస్తే 26 శాతం. రెండు లెక్కలూ సరైనవే. కంటికి సమానంగా కనిపించే తేడాలు 1931 బొమ్మలో సమాన దూరాల్లో ఉండవు. కోడక్‌లో పనిచేసిన డేవిడ్ మకాడమ్ 1942లో దీన్ని కొలిచి చూపారు. ఆకుపచ్చ ప్రాంతం అందులో బాగా ఉబ్బి ఉంటుంది, కాబట్టి అటు కాస్త జరిగినా శాతం ఎక్కువ వస్తుంది. ఏ బొమ్మ మీద కొలిచారో చెప్పని శాతానికి పెద్ద అర్థం లేదు.

ఇంకో చిక్కు ఉంది. పీ3, అడోబ్ ఆర్‌జీబీల విస్తీర్ణం 1931 బొమ్మలో దాదాపు సమానం, తేడా 1 శాతం లోపే. అయినా రెండూ ఒకటి కాదు. పీ3 ఎరుపు వైపు ముందుకు వెళ్తుంది, అడోబ్ ఆర్‌జీబీ ఆకుపచ్చ, నీలాకుపచ్చల వైపు. ఒకే విస్తీర్ణం ఉన్న పొలాలు రెండు వేర్వేరు ఊళ్లలో ఉన్నట్టు. అందుకే “120 శాతం ఎస్‌ఆర్‌జీబీ” అని రాసిన మానిటర్ ఎస్‌ఆర్‌జీబీ మొత్తాన్ని చూపగలదన్న భరోసా లేదు. విస్తీర్ణం కాకుండా కవరేజ్, అంటే ఎస్‌ఆర్‌జీబీలో ఎంత భాగాన్ని తెర నిజంగా కప్పుతుందో అడగాలి. చౌక ల్యాప్‌టాప్‌ల మీద “45 శాతం ఎన్‌టీఎస్‌సీ” అని ఉంటుంది. 1953 నాటి అమెరికా కలర్ టీవీ ప్రమాణంతో ఇంకా పోలుస్తున్నారన్నమాట. ఎస్‌ఆర్‌జీబీ విస్తీర్ణమే అందులో దాదాపు 71 శాతం. కాబట్టి 45 అంటే ఎస్‌ఆర్‌జీబీలో మూడింట రెండొంతులకు కూడా తక్కువ. అలాంటి తెర మీద పెళ్లి ఫోటోలు దిద్దితే ఎడిటర్ ఎరుపును అవసరానికి మించి పెంచేస్తాడు, మిగతా తెరల మీద ముఖాలు కందిపోతాయి.

చీర రంగు ఎక్కడ పోతుంది

1980లో మైకేల్ పాయింటర్ అనే పరిశోధకుడు 4,089 నమూనాల కొలతలతో, వస్తువుల మీద నిజంగా ఉండే రంగుల హద్దును గీశారు. 1931 బొమ్మ మీద చూస్తే ఎస్‌ఆర్‌జీబీ అందులో దాదాపు 70 శాతాన్నే కప్పుతుంది. బయట మిగిలేవాటిలో గాఢమైన నీలాకుపచ్చలు, నిండు నారింజ పసుపులు ఉన్నాయి. నెమలికంఠం రంగు, ముద్దబంతి రంగు ఆ చుట్టుపక్కలవే.

అలాంటి రంగును ఎస్‌ఆర్‌జీబీలో పెట్టాల్సి వచ్చినప్పుడు ఏదో ఒక సంఖ్య 0 దగ్గరో 255 దగ్గరో ఆగిపోతుంది. బంతిపువ్వు ఫోటోలో నీలం 0కు, ఎరుపు 255కు అతుక్కుపోతే రేకుకూ రేకుకూ మధ్య ఉన్న సన్నని తేడాలు పోయి, పువ్వంతా ఒకే రంగు పూసినట్టు అవుతుంది. పట్టు అంచుల నేతలోని వివరాలు పోయేది కూడా ఇలాగే.

చీర విషయంలో నేరమంతా గామట్ మీద వేయడం న్యాయం కాదు. దుకాణంలోని ఎల్‌ఈడీ దీపం, ఏది తెలుపో కెమెరా తేల్చుకునే వైట్ బ్యాలెన్స్, అమ్మకం కోసం పెంచిన మెరుపు, ఇవి కలిపి చేసే తేడా తరచూ ఇంకా ఎక్కువ. పైగా పడుగు ఒక రంగు, పేక మరో రంగు పెట్టి నేసిన చీర చూసే కోణాన్ని బట్టి రంగు మారుతుంది. దాన్ని ఏ ఒక్క ఫోటో పట్టలేదు.

మార్చడం వేరు, కొట్టేసి రాయడం వేరు

ఫైల్‌లోని సంఖ్యలు ఏ కొలమానంలో ఉన్నాయో చెప్పే చిన్న చీటీని ప్రొఫైల్ అంటారు. 1993లో ఏర్పడిన ఇంటర్నేషనల్ కలర్ కన్సార్షియం దీనికి ఒక ఉమ్మడి రూపం ఇచ్చింది. తెరకూ ఒక ప్రొఫైల్, ఫోటోకూ ఒక ప్రొఫైల్ ఉంటే, సాఫ్ట్‌వేర్ ఒకదాని నుంచి మరోదానికి లెక్క మార్చి చూపిస్తుంది.

ఫోటోను చిన్నది చేసే సమయంలో కొన్ని యాప్‌లు, సైట్లు ఈ చీటీని కూడా తీసేస్తాయి. చీటీ లేని ఫోటోను బ్రౌజర్లు సాధారణంగా ఎస్‌ఆర్‌జీబీ అనుకుంటాయి. అసలది అడోబ్ ఆర్‌జీబీ అయితే రంగులు వెలిసిపోతాయి, గుంటల్లో చెప్పింది సెంట్లుగా విన్నట్టు. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ఎస్‌ఆర్‌జీబీ ఫోటోను ఏ లెక్కా లేకుండా పెద్ద పరిధి తెర మీదకు వదిలితే రంగులన్నీ సాగుతాయి. గడ్డి నియాన్ రంగులోకి, ముఖాలు ఎరుపులోకి వెళ్తాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఉండే “వివిడ్”, “నేచురల్” మోడ్‌ల తేడా చాలావరకు ఇదే.

ఫోటోషాప్ లాంటి వాటిలో కన్వర్ట్, అసైన్ అని రెండు ఆప్షన్లు పక్కపక్కనే ఉంటాయి. కన్వర్ట్ అంటే 5 గుంటలను పన్నెండున్నర సెంట్లుగా తిరగరాయడం: సంఖ్య మారుతుంది, భూమి మారదు. అసైన్ అంటే 5 పక్కన గుంటలు కొట్టేసి సెంట్లు అని రాయడం: సంఖ్య అలాగే ఉంటుంది, భూమి మారిపోతుంది. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు అసైన్ నొక్కి, రంగు ఎందుకు చెడిందా అని టెన్షన్ పడటం మామూలు. చాలా ఫోటో ల్యాబ్‌లు ఎస్‌ఆర్‌జీబీ ఫైలే అడుగుతాయి. అందులోకి కన్వర్ట్ చేసి, ప్రొఫైల్‌ను ఫైల్‌లోనే ఉంచి పంపితే సగం గొడవలు పోతాయి.

ఇంకు లెక్క వేరు

తెర వెలుగును కలుపుతుంది, ఇంకు వెలుగును మింగుతుంది. తెల్ల కాగితం మీద పడిన వెలుగులోంచి సయాన్ (నీలాకుపచ్చ) ఇంకు ఎరుపును, మజెంటా (ముదురు గులాబీ) ఆకుపచ్చను, పసుపు నీలాన్ని తీసేస్తాయి. నిజమైన ఇంకులు ఇంత శుభ్రంగా పనిచేయవు, తీయకూడనిదీ కొంత తీస్తాయి. నిండు నీలం కావాలంటే సయాన్, మజెంటా రెండూ ఎక్కువ పడాలి. ఎంత పడినా తెరలోని నీలం అందదు, వచ్చింది వంకాయ రంగు వైపు ఒరుగుతుంది. ఫ్లెక్సీ నీలం సంగతి ఇదే. తప్పు ప్రింటింగ్ షాపువాళ్లది కాకపోవచ్చు.

అలాగని ప్రింట్ పరిధి అన్ని వైపులా చిన్నదని కాదు. మంచి ఆర్ట్ పేపర్ మీద శుద్ధ సయాన్ ఎస్‌ఆర్‌జీబీ తెర చూపలేని రంగు. ఎస్‌ఆర్‌జీబీలోనే పనిచేసి ప్రింట్‌కు పంపితే, ఇంకు ఇవ్వగలిగిన రంగును ఫైలే ఇవ్వనివ్వదు.

పరిధి దాటిన రంగును ఏం చేయాలన్నదానికి సాఫ్ట్‌వేర్ ప్రధానంగా రెండు దారులు చూపుతుంది. పర్సెప్చువల్ పద్ధతి మొత్తం రంగులను కొద్దికొద్దిగా లోపలికి నొక్కుతుంది. అన్నీ కాస్త మారినా, వాటి మధ్య తేడాలు నిలుస్తాయి. రిలేటివ్ కలరిమెట్రిక్ పద్ధతి లోపలున్నవాటిని ముట్టుకోకుండా, బయటివాటిని మాత్రం హద్దు మీదకు తెస్తుంది. నేత వివరాలు ముఖ్యమైన పట్టుచీర ఫోటోకు మొదటిది, ఒంటి రంగు మారకూడని ఫోటోకు రెండోది తరచూ మేలు. పంపేముందు సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింట్ ఎలా వస్తుందో తెర మీద చూపే ఆప్షన్) పెట్టి చూస్తే ఏ రంగు పోతుందో తెర మీదే తెలుస్తుంది.

పెద్దదైతే మంచిదేనా?

8 బిట్ ఫైల్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు. మొత్తం 1.67 కోట్ల కలయికలు. పరిధి చిన్నదైనా పెద్దదైనా మెట్లు అన్నే. పెద్ద పరిధిలో మెట్టుకూ మెట్టుకూ దూరం పెరుగుతుంది, ఆకాశంలో చారలు పడతాయి. అందుకే ప్రోఫోటో ఆర్‌జీబీ వాడేవాళ్లు 16 బిట్ ఫైల్ పెట్టుకుంటారు. పైగా దాని పరిధిలో కొంత భాగం అసలు కంటికి కనిపించని ఊహా రంగులే. ఎడిటింగ్ మధ్యలో విలువలు తెగిపోకుండా అది కాపాడుతుంది. చూపడానికి, పంచుకోవడానికి ఉద్దేశించింది కాదు. సరస్సు ఫోటో ఫోన్లలోకి ఆ రూపంలో వెళ్లడంతోనే చిక్కొచ్చింది.

2012లో వచ్చిన బీటీ.2020 ప్రమాణం 4కే, 8కే టీవీల కోసం. దాని మూల రంగులు నాడా అంచు మీదే ఉన్నాయి: 630, 532, 467 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న స్వచ్ఛమైన వెలుగులు. పాయింటర్ గీసిన హద్దు దాదాపు మొత్తం ఇందులో ఇముడుతుంది. ఇంత పరిధికి 10 బిట్లు కావాలి, అంటే 107 కోట్ల కలయికలు. క్వాంటమ్ డాట్ తెరలు దీని వైపు నడుస్తున్నాయి. ఆ సూక్ష్మ కణాలను కనిపెట్టి, తయారుచేసినందుకు 2023లో రసాయన శాస్త్ర నోబెల్ ఇచ్చారు. లేజర్ ప్రొజెక్టర్లు ఇంకా దగ్గరగా వెళ్తాయి.

అక్కడ ఒక పాత ప్రశ్న మళ్లీ లేస్తుంది: ఎవరి కళ్లతో చూసిన రంగు? మూల రంగులు స్వచ్ఛమయ్యేకొద్దీ, మనిషికీ మనిషికీ కంట్లో ఉన్న చిన్న తేడాలు పెద్దవిగా బయటపడతాయి. వయసుతో కంటి కటకం పసుపెక్కుతుంది, నీలం తక్కువగా లోపలికి వెళ్తుంది. లేజర్ తెర మీది ఒకే తెలుపు, పక్కపక్కన కూర్చున్న తాతకూ మనవరాలికీ వేర్వేరు ఛాయల్లో కనిపించవచ్చు. రంగును కొలిచే మీటర్ మాత్రం రంగు సరిగ్గా ఉందనే చెబుతుంది. సీఐఈ 2006లో వయసునూ చూపు కోణాన్నీ లెక్కలోకి తీసుకునే కొత్త పద్ధతిని ప్రచురించింది. పరిశ్రమ ఇంకా అటు పూర్తిగా మళ్లలేదు. డీఐ (రంగులు దిద్దే దశ) పూర్తయిన సినిమా థియేటర్‌కు వెళ్లేది డీసీపీ (డిజిటల్ సినిమా ప్యాకేజ్) రూపంలో. ఆ ఫైల్‌లో ప్రతి పిక్సెల్ దగ్గరా ఉండేవి ఎక్స్, వై, జెడ్ విలువలే, ఇంగ్లండ్‌లో ఆ 17 మంది చిన్న కిటికీలోకి చూసి సరిపోల్చిన రంగుల లెక్కలే.